అమ్మ తాగిన బెల్లం నీళ్లు

నిజామాబాద్,
కార్తీక మాసం, 1987

చెల్లె హన్మవ్వకు అక్క సుమిత్ర దీవెనలు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం, నా మోకాళ్లు తప్ప.

నువ్వు బోధన్ బస్సు ఎక్కిన దగ్గర్నుంచి నాకు మనసు ఒకచోట నిలవడం లేదు. మందుల చీటీ కొంగుకు కట్టుకున్నావు కదా, ఆ కొంగుతోనే ముఖం తుడుచుకుంటావు, అది ఎక్కడ జారిపడిందో అని ఒకటే రంధి. డాక్టరు చెప్పింది కూడా నీ చెవిలో సగమే పడి ఉంటుంది. షుగర్ అన్న మాట వినగానే నీ ముఖం తెల్లబోయింది, నేను చూశాను. అందుకే మళ్లీ రాస్తున్నాను.

మాత్ర పొద్దున ఒకటి, పొద్దుగూకినాక ఒకటి, అన్నానికి అరగంట ముందు. అన్నం తగ్గించి జొన్నరొట్టె తిను. ఆలుగడ్డ వద్దు. చాయ్‌లో చక్కెర వద్దు. బెల్లం పేరే ఎత్తవద్దు. చెరుకు కొట్టుడు మొదలైతే మీ రెంజల్ దిక్కు గాలి కూడా తియ్యగా ఉంటుంది, ముక్కు మూసుకొని తిరుగు.

మాత్రలతో మొదట్లో ఏదో ఒకటి అవుతుంది, భయపడకు. నాకిచ్చింది వేరే మాత్ర. దాంతో నెల రోజులు నోరంతా ఇనుము నాకినట్టు ఉండేది. బీడీల చాట ఒళ్లో పెట్టుకొని కూర్చుంటే కడుపులో గడబిడ మొదలయ్యేది, చాట పారేసి ఉరికేదాన్ని. పక్కన కూర్చునే శ్యామలమ్మ "ఏందే సుమిత్రా, ఆకులకంటె నీ ఉరుకుడే ఎక్కువైంది" అని నవ్వేది. తర్వాత సర్దుకుంది.

నీకు ఏమైనా నాకు రాయి. నీకు దాచే అలవాటు ఉంది, అదే నా భయం. చిన్నప్పుడు కాలిలో ముల్లు విరిగి చీము పట్టేదాకా నోరు తెరవలేదు. మన బాపు కూడా ఇట్లాగే దాచాడు. కాలి పుండు నల్లబడ్డాక చూపించాడు, కాలూ పోయింది, మనిషీ పోయాడు. ఆ ఇంటి నుంచి ఇంకొకరు అట్లా పోవడం నేను చూడలేను.

వెంటనే జవాబు రాయి.
మీ అక్క


రెంజల్,
మార్గశిరం

అక్కకు, బావకు నమస్కారాలు.

చీటీ పోలేదు. మాత్రలు తప్పకుండా వేసుకుంటున్నాను. మా ఇంట్లో గడియారం ఆగిపోయింది కనుక రేడియోలో సాయంత్రం వార్తలు రాగానే మింగుతున్నాను. డాక్టరు చెప్పిన వేళ తప్పడం లేదు, నువ్వు నిశ్చింతగా ఉండు.

రొట్టె చేసుకుంటుంటే మా అత్త సత్తవ్వ "వరి పండించే ఇంట్ల జొన్నరొట్టె తింటున్నవ్, మా పరువు ఏంగావాలె" అంటుంది. షుగర్ అని చెప్పాను. "గది పైసలున్నోళ్ల రోగం, నీకెందుకొస్తది" అని కొట్టిపారేసింది. పిల్లలు హాస్టల్లో ఉన్నారు, ఇంట్లో నా తరపున మాట్లాడేవాళ్లు కూడా లేరు.

మాకు చక్కెర ఫ్యాక్టరీ నుంచి చెరుకు నరకడానికి పర్మిట్ వచ్చింది. మీ మరిది పొద్దున బండి కట్టుకొని బోధన్ పోతే తూకం అయ్యేసరికి ఎప్పుడవుతుందో చెప్పలేము. ఒక్కోసారి పొద్దుగూకక ముందే వస్తాడు, ఒక్కోసారి ఊరంతా పండుకున్నాక వస్తాడు. ఆయన తినందే నేను తినేది లేదు, నీకు తెలిసిందే. కూర్చొని ఎదురుచూస్తాను.

అడిగావు కనుక చెబుతున్నాను. సాయంత్రాలు ఆకలి బాగా అవుతోంది. మామూలు ఆకలి కాదు, కడుపులో ఎవరో చెయ్యి పెట్టి పిండినట్టు ఉంటుంది. చెమట పడుతుంది, ఈ చలిలో కూడా. వేళ్లు వణుకుతాయి. మొన్న దీపం చిమ్నీ చేతిలోంచి జారి పగిలింది. ఇది మందు పని చేస్తున్న గుర్తేనా? నీకూ ఇట్లా అయిందా?

నీ చెల్లె హన్మవ్వ


నిజామాబాద్,
పుష్యం

చెల్లెకు,

నీ ఉత్తరం చూసి మా దగ్గర షుగర్ ఉన్న నలుగురినీ అడిగాను. ఒకామె ఒంట్లో కొవ్వు కరిగితే చెమట పోస్తుందట అన్నది. ఇంకొకామె అన్నం తగ్గిస్తే ఆకలి కాదా అన్నది. నాకూ అదే నిజమనిపించింది. తట్టుకో. మజ్జిగ తాగు. డాక్టరును అడుగుదామని దవాఖానకు పోతే ఆయన సెలవు మీద ఉన్నాడు.

ఇంతలో పసుపు కొనడానికి మీ దిక్కు తిరిగే లింబయ్య గంజ్‌లో కలిశాడు. "మీ చెల్లె ఇంట్ల పోచమ్మ అమ్మవారు శిగమూగిందట గద, నీకు తెల్వదా?" అన్నాడు. పూనకం ఎవరి మీదికి వచ్చింది అంటే తల గోక్కొని సైకిల్ ఎక్కాడు. మీ అత్త మీదనా? ఆమె వయసుకు ఊగితే నడుము నిలుస్తుందా?

నవ్వుతూ రాస్తున్నాను కానీ నవ్వు రావడం లేదు. నువ్వు ఇన్నాళ్లు రాయకపోవడం నాకు నచ్చలేదు. పోస్టుమన్ వీధి మలుపు తిరిగితే చాట పక్కన పెట్టి లేచి నిలబడుతున్నాను. ఎవరి మీద వచ్చింది, హన్మవ్వా?

అక్క


రెంజల్,
పుష్య బహుళం

అక్కా,

లింబయ్య అబద్ధం చెప్పలేదు. అమ్మ వచ్చింది నా మీదికే.

నాకు గుర్తున్నది కొంచెమే. మాత్ర వేసుకొని ఆయన కోసం వాకిట్లో కూర్చున్నాను. చెమటకు జాకెట్ తడిసి వీపుకు అంటుకుంది. ఎదురుగా గోడ రెండు గోడలుగా కనిపించింది. ఆ తర్వాతిదంతా వాళ్లు చెబితే తెలిసింది. నేను ఊగానట. మా అత్తను "సత్తీ" అని పేరు పెట్టి పిలిచానట! అప్పుడే గొడ్డలి అడగడానికి వచ్చిన మా మరిది నర్సన్నను పట్టుకొని "గట్టెందుకు జరిపినవ్‌రా? గా రాయి మల్ల పాత జాగల పెట్టు" అన్నానట.

వేరుపడ్డప్పటి నుంచి అతను ప్రతి దుక్కికీ గట్టును మా చెలకలోకి కొంచెం కొంచెం జరుపుతున్నాడు. నేను ఒకసారి చెబితే మీ మరిది "నీకెందుకు, మా అన్నదమ్ముల ముచ్చట" అన్నాడు. ఆ మాట నా కడుపులోనే పడి ఉంది. ఆ రోజు అది బయటికి వచ్చింది. నర్సన్న కాళ్లమీద పడ్డాడట అక్కా. తెల్లవారే రాయి పాత జాగాకు పోయింది.

మా అత్త బెల్లం కలిపిన నీళ్లు తెచ్చి "తాగు తల్లీ, శాంతించు" అని నోట్లో పోసిందట. కొంతసేపటికి నాకు తెలివి వచ్చింది. ముత్తైదువలు నా కాళ్లకు పసుపు రాస్తున్నారు. తర్వాత ఇంకా రెండు సార్లు అట్లాగే వచ్చింది, బెల్లం నీళ్లు పోయగానే శాంతించింది. ఇప్పుడు మంగళవారాలు ఊరి ఆడవాళ్లు వచ్చి కూర్చుంటున్నారు. మా అత్త నన్ను పేరు పెట్టి పిలవడం మానేసింది. ఆయన బండి కట్టేముందు నన్ను అడిగి పోతున్నాడు.

నీకు ఎందుకు రాయలేదంటే నువ్వు తిడతావని. అక్కా, ఈ ఇంటికి వచ్చి ఇన్నేండ్లయింది, కూరలో ఉప్పు సరిపోయిందా అని కూడా నన్ను ఎవరూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నారు. నాకు బాగుంది. బాగుందని చెప్పడానికి సిగ్గుగా ఉన్నా బాగుంది.

ఒక్కటే అనుమానం పీకుతోంది. ఆ బెల్లం నాకు లెక్కనా, అమ్మకు లెక్కనా? అమ్మ తాగితే నాకు షుగర్ పెరుగుతుందా? ఎందుకైనా మంచిదని బెల్లం తాగిన మరునాడు సాయంత్రం ఇంకో మాత్ర ఎక్కువ వేసుకుంటున్నాను.

హన్మవ్వ


నిజామాబాద్,
పుష్య బహుళం

హన్మవ్వా,

నీ ఉత్తరం చదివిన వెంటనే రాస్తున్నాను. నేను పోచమ్మను కాదనేదాన్ని కాదు. మన అవ్వ మీదికి కూడా ఒకసారి వచ్చింది, నాకు గుర్తుంది. కానీ అమ్మ తాగినా దేవత తాగినా ఆ బెల్లం పోయేది నీ కడుపులోకే కదే! అమ్మ తన దారిన తాను పోతుంది. చక్కెర నీ రక్తంలో ఉండిపోతుంది.

బాపు కాలు కళ్లముందు కనబడుతోంది. పుండు కడిగింది నేను, నువ్వు అప్పుడు చిన్నదానివి. ఆ వాసన నీకు తెలియదు. నీకు ఆ గతి పట్టవద్దు.

నా మీద ఒట్టు. ఇక నుంచి ఒక్క చుక్క బెల్లం నీళ్లు నీ నోట్లోకి పోవద్దు. అమ్మ వస్తే వేపమండలతో దిగదుడవమను, పసుపు నీళ్లు తాగించమను. పసుపుతో శాంతించని అమ్మ ఉంటుందా? నువ్వు తెలివిలో ఉండవు కనుక మీ అత్తకు లింబయ్యతో ఇదే మాట కబురు పంపుతున్నాను. నా పేరు చెప్పి ఒట్టు పెట్టమన్నాను. ఎక్కువ మాత్రలు వేసుకునే పని కూడా మానెయ్యి, ఎవరిని అడిగి వేసుకుంటున్నావు?

శివరాత్రి ముందర నిన్ను మళ్లీ డాక్టరు దగ్గరికి తీసుకుపోతాను. అందాకా నా మాట విను.

అక్క


రెంజల్,
మాఘం

అక్కా,

నీ కబురు ముట్టింది. మా అత్త మొదట గులిగింది. "బెల్లం లేకుంట అమ్మ ఎట్ల పోతది" అన్నది. నీ ఒట్టు అని చెప్పేసరికి సరే అన్నది. బెల్లం కుండను అటక మీద పెట్టింది. ఇక నీ మనసు కుదుట పడాలి.

అమ్మ ఈ మధ్య రావడం లేదు. ఫ్యాక్టరీలో ఏదో మరమ్మత్తు అని బండ్లు ఆపారు. ఆయన ఇంటి దగ్గరే ఉన్నాడు, వేళకు తింటున్నాం. మంగళవారం ఆడవాళ్లు వచ్చి చాలాసేపు కూర్చొని లేచిపోయారు. పోతూ ఒకామె "అలిగిందేమో" అన్నది. మా అత్త నా దిక్కు చూసిన చూపు నాకు నచ్చలేదు. మరునాడు చాయ్ నేనే పెట్టుకోవలసి వచ్చింది.

నీకు ఒకటి చెబుతాను, ఎవరికీ చెప్పవద్దు. నేను కనిపెట్టాను. తిన్న రోజు అమ్మ రాదు. ఆయన ఆలస్యమై నేను ఉపాసంగా ఉన్న రోజే వస్తుంది. అమ్మకు నిష్ఠ కావాలి కాబోలు. వచ్చే మంగళవారం రెంజల్ ఆడవాళ్లే కాదు, పక్క ఊళ్ల నుంచి కూడా వస్తున్నారు. పిల్లలు కాని ఒకామె నా మాట కోసం నడిచి వస్తున్నదట. ఆ రోజు నేను పొద్దుటి నుంచి ఏమీ ముట్టను. మాత్రలు మాత్రం మానను, నీకు మాట ఇచ్చాను కదా. మాత్ర నీళ్లతో మింగితే ఉపాసం పోదు.

బెల్లం ముట్టను. నీ మీద ఒట్టు.

హన్మవ్వ


బోధన్ దవాఖాన,
బుధవారం

వదినెకు మీ మరిది ముత్తన్న నమస్కరించి రాయునది.

బస్సు కండక్టర్ చేతికి ఈ చీటీ ఇస్తున్నాను. అందిన వెంటనే బయలుదేరి రండి. హన్మవ్వకు తెలివి లేదు.

నిన్న పొద్దుగూకినాక శిగమూగింది. అందరూ దండం పెట్టుకుంటూ ఉన్నారు. ఊగుడు ఆగి కింద పడింది. పళ్లు బిగుసుకున్నాయి. మా అవ్వ పసుపు నీళ్లు చల్లింది, తాగించింది, అవి బయటికే వచ్చాయి. నేను చేను నుంచి వచ్చేసరికి ఒళ్లు చెరువులో మునిగి లేచినట్టు ఉంది. పక్కింటి ట్రాక్టర్‌లో వేసుకొని వచ్చాము. గ్లూకోజు ఎక్కిస్తున్నారు.

మీరు చెప్పినట్టే బెల్లం ముట్టనియ్యలేదు వదినె. అంత జాగ్రత్తగా చూసుకున్నాం. ఎందుకిట్లా అయిందో తెలుస్తలేదు.

ముత్తన్న


నిజామాబాద్,
మాఘ బహుళం

హన్మవ్వా,

నిన్ను ఇంట్లో దింపి వచ్చి వారం అవుతోంది. పగలు పని చేసుకుంటున్నాను కానీ బీడీ దారం ముడి పడడం లేదు. నీ దగ్గర ఉన్నప్పుడు ఏడవలేదు, ఇక్కడికి వచ్చాక ఏడుస్తున్నాను. మీ బావే చాయ్ పెట్టి ఇస్తున్నాడు.

డాక్టరు చెప్పినప్పుడు నువ్వు మగతలో ఉన్నావు. నీకు ఏం గుర్తుందో తెలియదు కనుక రాస్తున్నాను. ఆయన మీ అత్తనూ, ముత్తన్ననూ, నన్నూ నిలబెట్టి అడిగాడు: "మాత్ర ఎప్పుడేసుకుంటది?" రేడియో వార్తలప్పుడు అన్నాము. "మరి అన్నం ఎప్పుడు తింటది?" చివరికి మీ అత్తే అన్నది, "మొగడు తిన్నంక."

ఆయన తల పట్టుకున్నాడు. "గీ మాత్ర ఒంట్ల షుగర్ దించుతదమ్మా. మింగినంక కడుపుల అన్నం పడాలె. పడకపోతే ఉన్న షుగరంత దించేస్తది. ఒళ్లు వణుకుతది, చెమట పోస్తది, మనిషి ఏదేదో మాట్లాడతది. ఆఖరుకు లేవనే లేవది" అన్నాడు. అప్పుడు నేను బెల్లం సంగతి చెప్పాను. ఆయన నా ముఖం చూసి, "గా బెల్లమే ఇన్నిరోజులు ఆమెను బతికించింది. ఎవరు ఆపమన్నరు?" అని అడిగాడు.

నేను ఆపమన్నాను. ఆ మాట ఆయనకు చెప్పలేదు, నీకు చెబుతున్నాను. షుగర్ రోగం వచ్చిన మనిషికి షుగర్ పడిపోతుందని నాకెవరు చెప్పారే? పెరగడమొకటే తెలుసు నాకు. బాపు కాలు ఒక్కటే చూశాను. ఆ భయంతో నిన్ను గోతిలోకి నెట్టబోయాను. నీ చేతిలో సూది గుచ్చిన చోట నల్లగా కమిలి ఉంది, అది ఇప్పటికీ నా కళ్లలో ఉంది.

ఇప్పుడు నువ్వు తెలివిలో ఉన్నావు కనుక తిడతాను. తిన్న రోజు రాదు, తినని రోజు వస్తుందని నీకు తెలిసింది. తెలిసి కావాలని పస్తు ఉన్నావు. నలుగురు నీ మాట వినాలని ప్రాణం మీదికి తెచ్చుకుంటావా? నువ్వు చచ్చిపోతే వాళ్లు నీకు ఒక రాయి పాతి బొట్టు పెడతారు, అంతే కదే! నాకు మాత్రం చెల్లె ఉండదు. బాపు పోయాడు, అవ్వ పోయింది, నేను ఎవరికి ఉత్తరం రాయాలి?

సాయంత్రం సగం మాత్రే వేసుకోమన్నాడు. మింగిన అరగంటలో తినాలి. ఎవరు వచ్చినా రాకున్నా తినాలి. చెమట మొదలైతే బెల్లం ముక్క నోట్లో వేసుకోవాలి, ఈసారి నేనే చెబుతున్నాను.

నువ్వు తినవేమోనని నాకు భయంగా ఉంది. మాత్ర మింగుతావు, ముత్తన్న కోసం వాకిట్లో కూర్చుంటావు. నాకు నీ సంగతి తెలుసు. తిన్నానని అబద్ధం మాత్రం రాయకు.

అక్క


రెంజల్,
ఫాల్గుణం

అక్కా,

అబద్ధం రాయకూడదనే ఇన్నాళ్లు రాయలేదు. మొదటి రోజుల్లో నేను తినలేదు.

మాత్రే మానేశాను. ఒంటరిగా ముందు తినడం కంటే మాత్ర మానడం తేలిక అనిపించింది. ఇంటి మగమనిషి ఎండలో, తూకం లైన్లో ఆకలితో ఉంటే పొయ్యి ముందు కూర్చొని నేను మెక్కాలా అని చెయ్యి రాలేదు. మీ మరిది "తిను, డాక్టర్ చెప్పిండు గద" అన్నాడు. కానీ పొద్దున పోతూ అన్నాడు, సాయంత్రం ఆ మాట ఇంట్లో ఉండదు. సాయంత్రం ఉండేది మా అత్త ఒక్కతే.

అత్త నాతో సరిగా మాట్లాడడం లేదు. "డాక్టర్‌కేం ఎర్క అమ్మ సంగతి" అని గోడతో అంటుంది. మంగళవారం ఆ పిల్లలు కాని ఆమె మళ్లీ వచ్చింది. ఈసారి నేనే చెప్పాను, "అక్కా, నా మీదికి అమ్మ రాలేదు. మాత్ర ఎక్కువై ఊగిన. నువ్వు డాక్టర్ దగ్గరికి పో." ఆమె నమ్మిందో లేదో తెలియదు, కొబ్బరికాయ మాత్రం గడప దగ్గర పెట్టి పోయింది. నర్సన్నకు ఈ సంగతి తెలిసిన మూడో నాటికే గట్టు రాయి మళ్లీ మా చెలకలోకి వచ్చింది. నాకు ఎంత ఏడుపు వచ్చిందో చెప్పలేను. ఊగితే నిజమైన మాట, అన్నం తిని చెబితే అబద్ధమవుతుందా? నువ్వు తిట్టావు కానీ, నాకు దానికోసం పస్తుండాలని ఎందుకు అనిపించిందో ఆ రాయిని చూస్తే నీకు తెలిసేది.

తర్వాత కాళ్లు మండడం మొదలైంది. రాత్రిళ్లు దాహం, ఊరికే లేవడం. బాపుకు ఇట్లాగే మొదలైందని నువ్వు చెప్పావు కదా. నేను చాలా భయపడ్డాను అక్కా. ఇక నాకు దారి లేదు. మాత్ర వేసుకోవాలి, వేసుకుంటే తినాలి.

నిన్న వార్తలు రాగానే సగం మాత్ర మింగాను. రొట్టె, పప్పు పళ్లెంలో పెట్టుకొని అత్తకు కనబడకుండా గోడవైపు తిరిగి కూర్చున్నాను. దొంగతనం చేస్తున్నట్టు ఉంది. మొదటి బుక్క నీళ్లు తాగి మింగాను. వెనుక అత్త వచ్చి నిలబడ్డ చప్పుడయింది. తిడుతుందని తల వంచుకున్నాను.

ఆమె నా పక్కన చతికిలబడి, "నాకు గూడ పెట్టు" అన్నది.

నేను అర్థం కాక చూశాను. ఆమె నా దిక్కు చూడలేదు. "నాకు గూడ గీ యాళ్లకే ఆకలైతది పిల్లా. లగ్గమై వచ్చినప్పటి సంది అయితనే ఉన్నది. మీ మామ తినాలె, ఆయన పోయినంక కొడుకులు తినాలె. నన్నెవరడిగిండ్రు? నేనెవరికి చెప్పిన?" అన్నది.

పళ్లెం తెచ్చి పెట్టాను. రొట్టె తుంచే ముందు ఆమె ఒకసారి వాకిలి దిక్కు చూసింది. తర్వాత తిన్నది. అంత ఆకలితో తింటుందని నాకు ఇన్నేండ్లలో తెలియదు. ఇంకో రొట్టె వేశాను, వద్దనలేదు.

మేము సగంలో ఉండగా బండి చప్పుడయింది. ఆయన కాళ్లు కడుక్కొని గడపలోకి వచ్చి మమ్మల్ని చూసి ఆగిపోయాడు. నేను అలవాటుగా లేవబోయాను. అత్త నా మోకాలి మీద చెయ్యి వేసి అదిమి పట్టుకొని, కొడుకు దిక్కు తల కూడా ఎత్తకుండా, "తింటున్నం, కూసో" అన్నది.

ఆయన కూర్చున్నాడు అక్కా. మేమిద్దరం చెయ్యి కడిగేదాకా కూర్చున్నాడు.

నీ చెల్లె
హన్మవ్వ